షరతు లేని మాయ నాకొద్దు: పిల్లలకి నేనిచ్చే నవలలు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, నా వాట్సాప్‌కి ఒకటే రకం మెసేజ్‌లు. "మావాడు ఫోన్ వదలట్లేదు, మంచి నవల ఏదైనా చెప్పవా, కాస్త సస్పెన్స్ ఉండాలి, మాయలు మంత్రాలు ఉంటే ఇంకా మంచిది, నీతికథలు మాత్రం వద్దు బాబోయ్" అని. మా హాల్లో ఒక గోడ మొత్తం పుస్తకాలే, అపార్ట్‌మెంట్ పిల్లలు లిఫ్ట్ దిగితే సరాసరి మా ఇంట్లోకే వచ్చేస్తారు, దాంతో వైజాగ్ ఎంవీపీ కాలనీలో జీతం లేని లైబ్రేరియన్‌ని అయిపోయా. ప్రతి ఒక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేదు, అందుకే అంతా ఒకచోట రాసి పడేస్తున్నా.

నేను పుస్తకం ఎంచేటప్పుడు ముందు చూసేది ఒకటే, అందులో మాయకి షరతు ఉందా లేదా అని. రచయిత గొప్పవాడా, ప్రైజులొచ్చాయా, భాష సులువా, ఇవన్నీ తర్వాత. ఎగిరే గుర్రం, మాట్లాడే చెట్టు, బంగారు గుహ, ఇలా పేజీకి నాలుగు అద్భుతాలు పెట్టేస్తే పిల్లలు నోరెళ్ళబెట్టి చదివేస్తారని పెద్దవాళ్ళు అనుకుంటారు. చదవరండీ. హీరో చెయ్యి ఊపగానే పనైపోతుంటే వాళ్ళకి భయమెందుకు, భయం లేనప్పుడు పేజీ తిప్పడమెందుకు. అదే మంత్రం ఉంది కానీ మూడుసార్లే పనిచేస్తుంది, ఉంగరం ఉంది కానీ తడిస్తే శక్తి పోతుంది, తలుపు తెరుచుకుంటుంది కానీ వెనక్కి తిరిగి చూడకూడదు అన్నామనుకోండి, ఇక చూస్కోండి, అన్నం తినమన్నా వినపడదు వాళ్ళకి.

ఈ కిటుకు మన కథలవాళ్ళకి ఎప్పుడో తెలుసు. విక్రమార్కుడు భుజాన శవాన్ని మోసుకెళ్తుంటాడు, నోరు విప్పితే శవం ఎగిరిపోయి మళ్ళీ చెట్టెక్కుతుంది, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. అంతే, ఆ రెండు షరతుల మధ్య రాజుని ఇరికించేసి కథ మీద కథ నడిపేశారు. కాశ్మీరు సోమదేవుడు 11వ శతాబ్దంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయివి, అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు, తర్వాత్తర్వాత మనకి విక్రమార్కుడైపోయాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు గుర్తుందిగా, రోడ్ల నిండా చెట్లు, పాల ప్యాకెట్ల కోసం లైన్లు, రాత్రయితే ఊరంతా చీకటి. అప్పుడు మా అక్కావాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళమ్మాయి అయిదో క్లాసు, గాలి చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందో ఏమో నిద్రపోయేది కాదు. కొవ్వొత్తి వెలుగులో బేతాళ కథ మొదలుపెట్టా. షరతులు చెప్పగానే లేచి కూర్చుంది.

"తెలీదని అబద్ధం చెప్పేస్తే ఏమవుద్ది పిన్నీ?"

"అబద్ధం చెప్తే తెలిసీ చెప్పనట్టే కదే. తల పగులుతుంది."

"మరి చెయ్యి ఊపి సైగ చేస్తే?"

"అదీ జవాబే."

కాసేపు కొవ్వొత్తి వైపే చూసి, "అయితే వాడికి నిజంగా జవాబు తెలీని ప్రశ్న పడాలి, అప్పుడు మాట్లాడకపోయినా ఏం కాదు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అసలు కథ ముగిసేది సరిగ్గా అక్కడే. చివరి కథకి రాజుకి జవాబు తట్టదు, తట్టక మౌనంగా నడుస్తాడు, దాంతో బేతాళుడు మెచ్చుకుంటాడు. పదేళ్ళ పిల్ల షరతుని పట్టుకుని లాగి లాగి ముగింపు దాకా వచ్చేసింది, ఎవరూ చెప్పకుండా. పిల్లలు సస్పెన్స్ చదవడమంటే ఇదే, రచయితతో పాటు వాళ్ళూ ఎత్తులు వేస్తుంటారు. షరతు లేకపోతే ఎత్తు వెయ్యడానికి బోర్డే ఉండదు.

సరే ఇంక పుస్తకాలు. తెలుగులో నా మొదటి ఓటు ఇప్పటికీ చందమామ సీరియల్స్‌కే, ఒక పేజీ కథలకి కాదు సుమా, సీరియల్స్‌కి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పత్రిక పెట్టారు, 1954లో తోకచుక్క అనే సీరియల్ వచ్చింది, అక్కణ్ణుంచి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, ఇలా ఏళ్ళ తరబడి నడిచాయి. ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి, పేర్లలోనే సగం సస్పెన్స్ అయిపోతుంది. వీటన్నిటి వెనక ఉన్నది ఒక్కాయన, దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ మీద ఆయన పేరు వేసేవాళ్ళు కాదు, దాంతో మన అమ్మలూ నాన్నలూ ఆయనెవరో తెలీకుండానే ఆయన చేతిలో పెరిగారు. 2010లో పోయారాయన. ఆ సీరియల్స్ ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి, పాత చందమామలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి.

ఆ సీరియల్ ఎలా ఉండేదో చూడనివాళ్ళకి చెప్తా. మొదట బ్రాకెట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో. పక్కన చందమామ ఆర్టిస్టు చిత్రా గారి బొమ్మ, అందులో కత్తి దూసిన కుర్రాడు ఒకడు, వాడి వెనక వాడికి తెలీకుండా ఏదో ఒక వికారం, కోరలో తోకో గోళ్ళో. అంటే ఆపద మనకి ముందే కనపడిపోయింది, కథలో వాడికి ఇంకా తెలీదు. ఇక పేజీలన్నీ "వెనక్కి చూడరా బాబూ" అనుకుంటూ చదవడమే. తీరా వాడు వెనక్కి తిరిగే టైముకి "ఇంకా ఉంది". మళ్ళీ నెల దాకా ఆగాలి. నెల! మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఈ సంగతి చెప్తే ముందు నమ్మలేదు, తర్వాత నా మీద జాలిపడ్డారు.

దాసరి గారి హీరోలు ఎక్కువగా జంటగా తిరుగుతారు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి లాగా. చాలా మటుకు వీళ్ళకి మంత్రాలు రావు, వచ్చేదంతా అవతలివాళ్ళకే. వీళ్ళ దగ్గర ఉన్నది కత్తి, కాస్త బుర్ర, పక్కన ఒక స్నేహితుడు. అందుకే గండం గడిచిన ప్రతిసారీ ఎలా గడిచిందో మనకి అర్థమవుతుంది, పైనుంచి దేవుడొచ్చి ఎత్తుకుపోయినట్టు ఉండదు. లోటు లేదా అంటే ఉంది, ఆడపిల్లలకి ఆ సీరియల్స్‌లో పెద్దగా పనుండదు, రాకుమార్తెని ఎవడో ఎత్తుకుపోవడం, వీళ్ళు వెతకడం. మా అక్క కూతురు రెండు సీరియల్స్ అయ్యాక "ఈ అమ్మాయిలు గుహలో కూర్చుని ఏం చేస్తుంటారు పిన్నీ ఇన్ని రోజులూ" అని అడిగింది, నా దగ్గర సమాధానం లేదు. అయినా ఇస్తా. ఆ ప్రశ్న వేసుకుంటూ కూడా చదవచ్చు.

అన్నట్టు చందమామ ముఖచిత్రాలు గీసిన వడ్డాది పాపయ్య గారు మనవైపు మనిషే, పుట్టింది శ్రీకాకుళం, ఉన్నది అనకాపల్లి పక్కన కశింకోట. వపా అని సంతకం ఉంటుంది చూడండి. పిల్లలకి సీరియల్ చూపించేటప్పుడు ఆ అట్టలు కూడా చూపించండి, అవే సగం కథ చెప్తాయి.

ఇంకా వెనక్కెళ్తే కాశీమజిలీ కథలు, మధిర సుబ్బన్న దీక్షితులు గారివి, పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే ఆయన కాశీకి నడిచి వెళ్ళాలి, తోడు కావాలి, ఒక పశువుల కాపరి కుర్రాడు వస్తానంటాడు, కానీ ఊరికే రాడట, దారిలో వాడు ఏ వింత చూసి ఏంటిది అని అడిగినా దాని కథ మజిలీలో చెప్పి తీరాలి. చూశారా, అసలు పుస్తకమే షరతు మీద నిలబడింది. పాతాళభైరవి సినిమా ఉంది కదా 1951ది, దాని మూలం కూడా ఈ కథల్లోదే. అయితే ఇది తిన్నగా పిల్లల చేతికి ఇచ్చే పుస్తకం కాదు, భాష గ్రాంథికం, మధ్యమధ్య శృంగారం గట్టిగానే ఉంటుంది. మీరు చదివి మీ మాటల్లో చెప్పండి. రైల్లో అరకు వెళ్తున్నప్పుడు సొరంగం వచ్చిన ప్రతిసారీ కథ ఆపండి, మళ్ళీ వెలుగు వచ్చాక మొదలుపెట్టండి, దీని పవర్ ఏంటో మీకే తెలుస్తుంది. ఆ దారిలో సొరంగాలకి కొదవలేదు కూడాను.

ఇప్పుడు అసలు సమస్య దగ్గరికి వద్దాం. మన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం నెమ్మది. ఒత్తులు, దీర్ఘాలు కూడబలుక్కుంటూ వెళ్ళేసరికి హీరో చచ్చాడో బతికాడో కూడా పట్టదు, సస్పెన్స్‌కి స్పీడ్ కావాలి. అందుకని మొదటి అధ్యాయం నేనే పైకి చదువుతా, మంచి చోట ఆపి, పుస్తకం టేబుల్ మీద బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోతా. చదవమని అనను. పప్పు తాలింపు పెట్టి వచ్చేసరికి ఎవడో ఒకడు దాన్ని తిరగేసి వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఉంటాడు. తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలన్న యావ ముందు ఒత్తులెంత. ట్యూషన్‌లో ఏడాది తోమినా రాని తెలుగు కొంతమందికి ఇలా వచ్చింది, నా కళ్ళారా చూశా.

ఇలా ఆపడానికి నాకు తెలిసి ప్రపంచంలో అన్నిటికన్నా మంచి చోటు ట్రెజర్ ఐలాండ్‌లో ఉంది. స్టీవెన్‌సన్ పుస్తకం, 1883ది, తెలుగులో నండూరి రామమోహనరావు గారు కాంచనద్వీపం అని చేశారు, ఎంత హాయిగా ఉంటుందో ఆ తెలుగు, ఎక్కడా అనువాదం అన్న గుర్తే రాదు. ఇందులో మాయ లేదు, మ్యాపు ఉంది, నా లెక్కలో మ్యాపు కూడా మాయే. జిమ్ అనే కుర్రాడు రాత్రిపూట ఓడ మీద ఆపిల్ తిందామని పీపా దగ్గరికి వెళ్తాడు. పీపా దాదాపు ఖాళీ, అడుగున ఏదైనా ఉందేమోనని లోపలికి దిగిపోతాడు. సముద్రం ఊపుకి, చీకటికి కునుకు పట్టబోతుంటే ఎవరో వచ్చి పీపాకి ఆనుకుని కూలబడతారు. గొంతు వినగానే తెలిసిపోతుంది, ఓడలో అందరికీ ఇష్టమైన వంటవాడు, ఒంటికాలి సిల్వర్. జిమ్‌కి కూడా ఇష్టమే వాడంటే. వాడు మాట్లాడేది ఓడలో మంచివాళ్ళందర్నీ ఎప్పుడు చంపాలి అన్నదాని గురించి. కుర్రాడు పీపాలో ముడుచుకుని అన్నీ వింటుంటాడు. అంతలో సిల్వర్ పక్కవాణ్ణి, నాకో ఆపిల్ తీసిపెట్టు అంటాడు.

ఇక్కడ ఆపండి. ఆపి వెళ్ళి కుక్కర్ పెట్టుకోండి.

ఇది చదివాక మా కింద ఫ్లోర్ అబ్బాయి ఒకడు డ్రాయింగ్ షీటు మీద విశాఖపట్నం నిధి మ్యాపు గీశాడు. డాల్ఫిన్ నోస్ దగ్గర పుర్రె గుర్తు, యారాడ బీచ్‌లో దిగాల్సిన చోటు, భీమిలి డచ్చివాళ్ళ సమాధుల దగ్గర మొదటి క్లూ, ఎర్రమట్టి దిబ్బల్లో నిధి. అంచులు కాల్చి పాతగా కనపడేలా చేశాడు, వాళ్ళమ్మ స్టవ్ మీద కాల్చినందుకు నాలుగు తగిలించింది, అది వేరే విషయం. నేను చెప్పేదేంటంటే మన ఊళ్ళో పిల్లలకి ఇలాంటి కథలు పెట్టుకోవడానికి చోట్లు బోలెడు, కొండ, సముద్రం, గుహలు, పాత సమాధులు, లైట్‌హౌస్. ఏ ఇంగ్లీషు రచయితకైనా ఇన్ని ఒకే ఊళ్ళో దొరికితే పది నవలలు రాసేస్తాడు.

సముద్రం అన్నాను కాబట్టి జూల్స్ వెర్న్. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళని వైజాగ్ పిల్లాడు ఉండడు, ఆ గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి దూరడం, ఒకదాని మీద ఒకటి ఇరుకు మంచాలు, గోడనిండా చక్రాలూ మీటర్లూ. అది చూపించిన సాయంత్రమే కెప్టెన్ నీమో కథ మొదలుపెట్టండి. ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ అని పుస్తకం పేరు, 1870లో, అలాంటి సబ్‌మెరైన్లు లేని రోజుల్లో రాశాడు, నీమో సబ్‌మెరైన్ పేరు నాటిలస్. ఆ నీమో ఎవరు, ఎక్కడివాడు, లోకం మీద ఎందుకంత కసి అనేది పుస్తకం అంతా దాచిపెట్టాడు, ఆ గుట్టు విప్పింది తర్వాత వచ్చిన మిస్టీరియస్ ఐలాండ్‌లో. గుట్టు ఏంటో నేను చెప్పను, కానీ మన పిల్లలు అది తెలుసుకున్నాక కుర్చీలోంచి లేచి గంతులేస్తారు, అది మాత్రం గ్యారంటీ. ఒక హెచ్చరిక, పూర్తి పుస్తకంలో చేపల పేర్లే పేజీలు పేజీలు ఉంటాయి, అవి దాటేయమనండి. క్లాసిక్ కదా అని ప్రతి అక్షరం చదివించే పట్టుదల నాకు లేదు.

ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్ళ దగ్గరికి వస్తే, హ్యారీ పోటర్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, 1997 నుంచి వాడే చెప్పుకుంటున్నాడు తన సంగతి. నా మటుకు నాకు మూడో పుస్తకం అన్నిటికన్నా పైన, కాలంతో ఆడే ఆట ఉంది అందులో, షరతు ఏంటంటే వెనక్కి వెళ్ళినప్పుడు ఎవరి కంటా పడకూడదు, మరీ ముఖ్యంగా తమ కంటికే తాము కనపడకూడదు. నాలుగో పుస్తకం నుంచి చీకటి పెరుగుతుంది, చావులుంటాయి, తొమ్మిదేళ్ళవాడు ఏడుకి ఏడూ వరసగా లాగించేస్తానంటే కాస్త ఆగమంటా.

పోటర్ అయిపోయి దిగాలుగా తిరిగేవాళ్ళకి నేనిచ్చేది హౌల్స్ మూవింగ్ కాజిల్, డయానా విన్ జోన్స్ 1986లో రాసింది. సినిమా చూశాం అంటారు, మియజాకీది, పర్లేదు, పుస్తకం చాలా వేరు. సోఫీ అనే టోపీలు కుట్టే అమ్మాయిని ఒక మంత్రగత్తె ముసలమ్మని చేసేస్తుంది, పైగా ఆ సంగతి సోఫీ ఎవరికీ చెప్పలేదు, చెప్పబోతే నోరు పెగలదు. ఆ కదిలే కోటలో పొయ్యిలో ఒక అగ్నిభూతం, దానికీ కోట యజమానికీ ఏదో ఒప్పందం, అదేంటో అది కూడా పైకి చెప్పకూడదు. ఇద్దరూ చెప్పుకోలేని రహస్యాలతో ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకళ్ళ ముడి ఇంకొకళ్ళు విప్పాలి. ఇంక ఆ తలుపు! గుబ్బకి నాలుగు రంగులు, ఏ రంగు కిందికి తిప్పితే ఆ ఊళ్ళోకి తెరుచుకుంటుంది, ఒక రంగు మాత్రం నల్లది. అది ఎక్కడికి తెరుచుకుంటుందో అన్నదే నా చిన్న పాఠకులందరికీ పెద్ద బెంగ. ఇక్కడ అమ్మాయి గుహలో ఊరికే కూర్చోదు, ఇల్లు ఊడ్చేస్తుంది, మాంత్రికుణ్ణి దులిపేస్తుంది. మా అక్క కూతురు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది, హాస్టల్‌కి పట్టుకెళ్ళిన మా ఇంటి పుస్తకం ఇదొక్కటే, తిరిగి ఇవ్వలేదు కూడా.

మోమో. మిహాయెల్ ఎండె అనే జర్మన్ రచయితది, 1973. దీన్ని నేను పిల్లల కన్నా ముందు వాళ్ళ అమ్మానాన్నలకి ఇస్తా. ఊళ్ళోకి బూడిదరంగు కోట్లు వేసుకున్న మనుషులొస్తారు, టైమ్ వేస్ట్ చెయ్యకండి, ఆదా చేసి మా బ్యాంకులో దాచుకోండి అంటారు. జనం కబుర్లు మానేస్తారు, ఆటలు మానేస్తారు, ముసలమ్మని పలకరించడం మానేస్తారు, ఎంత ఆదా చేసినా టైమ్ చాలదు. ఆరో క్లాసు నుంచి ఐఐటీ ఫౌండేషన్ అని పొద్దున్న అయిదింటికి లేపే ఇళ్ళల్లో ఈ పుస్తకం చదివితే వెన్నులో చలి పుడుతుంది, నిజంగా. ఇందులో షరతులు ఎంత బావుంటాయంటే, ఆ బూడిద మనుషులు చుట్ట ఆర్పకూడదు, ఆరిపోతే అక్కడికక్కడే మాయం. మోమోకి తోడుగా ఒక తాబేలు ఉంటుంది, దానికి భవిష్యత్తు తెలుసు, కానీ అరగంటే. సరిగ్గా అరగంట. అంతకి మించి ఒక్క క్షణం కూడా కనపడదు. ఆ అరగంటతో రచయిత ఎంత ఆట ఆడించాడో చదివితే తెలుస్తుంది.

మన దేశం సంగతి కూడా చూద్దాం. సత్యజిత్ రే సినిమాలే తెలుసు చాలామందికి, ఆయన పిల్లల కోసం ఫెలూదా అనే డిటెక్టివ్‌ని సృష్టించి బోలెడు కథలు రాశారు. వాటిలో సోనార్ కెల్లా, 1971ది, ఇంగ్లీషులో గోల్డెన్ ఫోర్ట్రెస్ అని దొరుకుతుంది. చిన్న కుర్రాడు, పోయిన జన్మ గుర్తుందంటాడు, బంగారు కోట బొమ్మలు గీస్తుంటాడు, అక్కడ రత్నాలున్నాయంటాడు, ఇక దొంగలు ఊరుకుంటారా. రాజస్థాన్, రైళ్ళు, ఒంటెల మీద వెంటాడటం. కుర్రాడు చెప్పేది నిజమా కాదా అన్న అనుమానం కూడా నడుస్తూ ఉంటుంది, నాకు నచ్చేది అదే. రే దీన్ని సినిమా తీసినప్పుడు దొంగలెవరో ముందే చూపించేశారు, పుస్తకంలో చివరిదాకా దాచారు, కాబట్టి ముందు పుస్తకం, తర్వాతే సినిమా, ఈ వరస మార్చొద్దు.

డిటెక్టివ్ రుచి తగిలాక తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఉండనే ఉన్నాడు, అసిస్టెంట్లు రాజు, కాత్యాయని. పదమూడు పధ్నాలుగేళ్ళు వచ్చాక ఇవ్వచ్చు. హత్యలుంటాయి కానీ రక్తం ఒలకబోసి ఆనందించే రకం కాదు. మధుబాబు గారి షాడో ఇంకో రెండేళ్ళు ఆగాక, అదీ వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే, నేనైతే ముందుకి తోయను.

ఈ ఆగడం సంగతి మీద చాలామంది నాతో గొడవపడతారు. ముఖ్యంగా తులసిదళం గురించి. "మేం ఏడో క్లాసులో దుప్పట్లో టార్చి పెట్టుకుని చదివాం, మాకేమైంది" అంటారు. యండమూరి గారి సస్పెన్స్‌కి వంక పెట్టడానికి నేనెవర్ని, ఆ పుస్తకం చేతిలో పట్టుకుంటే దింపలేం. కానీ అందులో కాష్మోరా అనే క్షుద్రశక్తి మీదికొచ్చేది ఒక చిన్నపిల్ల మీదికి, పడుకున్న మంచం మీదికి. చదివేవాళ్ళూ ఆ వయసువాళ్ళే అయితే అది సరదా భయం కాదు. పదహారు దాటాక చదువుకోనీండి, పుస్తకం ఎక్కడికీ పోదు. భయంలో కూడా రకాలుంటాయి, పీపాలో కూర్చున్న కుర్రాడి భయానికి ఒక అంచు ఉంది, సిల్వర్ లేచి వెళ్ళిపోతే అది పోతుంది. అంచు లేని భయం పిల్లలతో పాటు పక్క మీదికి వచ్చేస్తుంది.

భయం అస్సలు వద్దు, వింత మాత్రం కావాలి అనేవాళ్ళకి విశ్వనాథ సత్యనారాయణ గారి హాహాహూహూ ఇస్తా. విశ్వనాథ అనగానే బెదిరిపోతారు, వేయిపడగల సైజు గుర్తొచ్చి. ఇది బుల్లి నవల. గుర్రం తలకాయ ఉన్న గంధర్వుడు ఒకడు రెక్క విరిగి లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. తెల్లవాళ్ళు వాణ్ణి జంతువేమో అనుకుని బోనులో పెడతారు, వాడేమో సంస్కృతం మాట్లాడతాడు. అంతే చెప్తా. మా పిల్లలు దీనికి పడీపడీ నవ్వారు, తర్వాత ఎవరు ఎవర్ని బోనులో పెట్టారు అని వాదించుకున్నారు. సంస్కృతం ముక్కలు వచ్చిన చోట పెద్దవాళ్ళు పక్కన ఉంటే మంచిది.

కొనడం గురించి ఎవరూ అడక్కముందే చెప్తున్నా, అన్నీ కొనక్కర్లేదు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి వాళ్ళనే అలమరాల మధ్య వదిలేయండి, మీరు వెనకాల నిలబడి "ఇది తీసుకో, అది తీసుకోకు" అనొద్దు. అట్ట చూసి, మొదటి పేజీ చూసి, మధ్యలో ఒక పేజీ తిప్పి వాళ్ళే తేల్చుకుంటారు. చివరి పేజీ చూడకూడదు అన్న ఒక్క రూలు పెట్టండి. చూస్తారు, అయినా పెట్టండి.

ఇప్పుడు నాకొక సాయం కావాలి. మూడో ఫ్లోర్‌లో కొత్తగా దిగినవాళ్ళ పాప, రెండో క్లాసు పూర్తి చేసింది, తెలుగు బాగానే చదువుతుంది, మొన్న వచ్చి ఆర్డర్ వేసి వెళ్ళింది. దెయ్యం ఉండాలిట, కానీ ఇంట్లో ఉండే దెయ్యం వద్దట, చెట్టు మీదో కొండ మీదో ఉండాలిట. దానికి ఒక పిల్లి ఉండాలిట. బొమ్మలు ఉండాలిట కానీ దెయ్యం బొమ్మ వెయ్యకూడదట, పిల్లిది వెయ్యచ్చట. చివర్లో దెయ్యం చచ్చిపోకూడదట, అది ఆల్రెడీ చచ్చిపోయింది కదా ఆంటీ అంది. ఇలాంటి తెలుగు పుస్తకం ఎవరికైనా తెలిస్తే పేరు చెప్పండి, ఆదివారం మళ్ళీ వస్తానంది.